కొండ ముఖం కనిపించే వేళ

కొత్త కెమెరా కొన్నాం. బ్యాటరీ నింపాం. బ్యాగు భుజాన వేసుకుని కొండలూ కోనలూ తిరిగాం. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే... ఆకాశం తెల్లకాగితం, కొండ నల్లముద్ద! లోపం ఎక్కడుంది? కెమెరాలోనా, మనలోనా? ప్రకృతి దృశ్యాలను ఫొటో తీయడం నేర్చుకునేవాళ్లకు దెబ్బ తిన్నాక గానీ తెలిసిరాని సంగతులివి.

గండికోట. కడప జిల్లాలో జమ్మలమడుగుకు దగ్గర్లో, ఎర్రమల కొండల్ని పెన్నానది నిలువునా కోసుకుంటూ పోయిన చోటు. అంచున నిలబడి కిందికి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. బోనస్ డబ్బులతో కెమెరా కొన్న వారానికే నేను వెళ్లింది అక్కడికే. రాత్రంతా బస్సులో కూర్చుని, పొద్దున తీరుబడిగా టిఫిన్ చేసి కోట మీదికి చేరేసరికి పదకొండు దాటింది. మధ్యాహ్నం రెండింటిదాకా తీస్తూనే ఉన్నాను. మొత్తం 312 ఫొటోలు! ఆ ఎండలో కెమెరా వెనకున్న చిన్న తెర మీద అన్నీ అద్భుతంగానే కనిపించాయి.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టి అందర్నీ పిలిచాను. అమ్మ నాలుగు ఫొటోలు చూసి పొయ్యి మీద పాలున్నాయంటూ లేచిపోయింది. మా బాపు మాత్రం కళ్లజోడు సర్దుకుని ఓపిగ్గా చూశాడు. చివరికి అడిగాడు... "ఇదేం క్వారీ బిడ్డా?"

అంత గొప్ప లోయ మా బాపు కంటికి రాళ్లు తవ్విన గుంతలా కనిపించిందంటే తప్పు ఆయనది కాదు. కొత్తగా కెమెరా పట్టిన చాలామందికి ఎదురయ్యే మొదటి దెబ్బ ఇదే.

కన్ను వేరు... కెమెరా వేరు!

మన కన్ను మహా గడుసుది. ఆకాశం వైపు చూస్తే కంటిపాప ముడుచుకుంటుంది. లోయలోని నీడను చూస్తే విప్పారుతుంది. ఈ రెండింటినీ మెదడు కలిపి ఒకే దృశ్యంగా చూపిస్తుంది. పాపం, కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క క్లిక్కు ఒక్కటే కొలత. ఆకాశానికి సరిపోయేంత వెలుగు తీసుకుంటే లోయ నల్లబడుతుంది. లోయకు సరిపోయేంత తీసుకుంటే ఆకాశం తెల్లబోతుంది. మిట్టమధ్యాహ్నం ఈ తేడా మరీ ఎక్కువ.

దీనికి విరుగుడు కెమెరాలోనే ఉంది. ప్లస్, మైనస్ గుర్తులుండే ఎక్స్‌పోజర్ మీటను ఎన్నడైనా నొక్కారా? దాన్ని మైనస్ వైపు కొంచెం జరిపితే ఆకాశంలో మబ్బులు తిరిగి ప్రత్యక్షమవుతాయి. ఎంత జరపాలో చెప్పడానికి హిస్టోగ్రామ్ ఉంది. ఫొటోతోపాటు తెర మీద కనిపించే, చిన్న గుట్టలాంటి బొమ్మే అది. ఎడమవైపు నీడలు, కుడివైపు వెలుగులు. గుట్ట కుడి గోడకు ఒరుసుకుపోయిందంటే తెల్లటి భాగాల్లో వివరాలు పోతున్నాయని అర్థం. నల్లబడిన చోటును ఇంటికొచ్చాక కొంతైనా పైకి లేపొచ్చు. పూర్తిగా తెల్లబోయిన చోట మాత్రం లేపడానికి ఏమీ మిగలదు. ఎండలో తెరను నమ్మకండి, ఈ గుట్టను నమ్మండి!

మరో జాగ్రత్త... చాలా కెమెరాలు ఫొటోను జేపీఈజీగా గానీ, రా ఫైలుగా గానీ దాస్తాయి. జేపీఈజీ అంటే వండి వడ్డించిన కూర. ఉప్పెక్కువైతే తీయలేం. రా ఫైలు అంటే బుట్టలో ఉన్న కూరగాయలు. ఎలా వండుకోవాలో మన చేతిలోనే ఉంటుంది. లెక్కల్లో చెప్పాలంటే జేపీఈజీలో ఒక్కో రంగుకు 256 మెట్లుంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384. నీడల్లోంచి, మబ్బుల్లోంచి వివరాలు బయటికి లాగాలంటే ఈ మెట్లే ఆధారం. కాకపోతే కార్డు తొందరగా నిండిపోతుంది, కంప్యూటర్ దగ్గర కూర్చునే ఓపికా కావాలి.

"ఎన్ని గంటలకు తీసినవ్?"

కరీంనగర్‌లో మాకు తెలిసిన స్టూడియో ఒకటుంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలతో ముప్పై ఏళ్లుగా దాన్ని నడుపుతున్న పెద్దాయన్ని అందరం కాకా అనే పిలుస్తాం. గండికోట ఫొటోలు పట్టుకుని ఆయన దగ్గరికెళ్లాను. లెన్సు సంగతి అడుగుతాడనుకున్నాను. ఖరీదెంతని అడుగుతాడనుకున్నాను. ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"ఎన్ని గంటలకు తీసినవ్?"

"పన్నెండింటికి కాకా."

"ఎండ నెత్తి మీదున్నప్పుడు కొండకు మొకం ఉండదు బిడ్డా. పొద్దుగాల చూడు, పొద్దుగూకంగ చూడు. అప్పుడు కనవడ్తది. అయినా నేర్చుకునేటందుకు గండికోట దాంక ఎందుకు? మీ ఊరి గుట్ట లేదా?"

ఉంది. కరీంనగర్‌కు బస్సు దూరంలో మా ఊరు, ఊరి వెనక గుట్ట. చిన్నప్పుడు సీతాఫలాల కోసం ఎక్కి దిగినదే. దాన్ని ఫొటో తీయాలన్న ఆలోచన మాత్రం అప్పటిదాకా రాలేదు. ఎవరికి వస్తుంది! రోజూ కనిపించేదాన్ని ఎవరు చూస్తారు?

ఆ ఆదివారం తెల్లవారుజామున అయిదింటికే చెరువుకట్ట మీద నిలబడ్డాను. సూర్యుడు పక్కనుంచి లేస్తుంటే ఒక్కో బండకూ ఒక వెలుగు చెంప, ఒక నీడ చెంప వచ్చాయి. కాకా చెప్పిన ముఖం అదే! పైనుంచి పడే ఎండ నీడల్ని రాళ్ల కిందికి నెట్టేస్తుంది. పక్కనుంచి వచ్చే ఎండ వాటిని పొడుగ్గా పరుస్తుంది. ఎత్తూ పల్లం, గరుకూ నునుపూ తెలిసేది ఆ నీడల వల్లే.

ఆ వేళ వెలుగు బంగారు రంగులో ఉండటానికీ కారణముంది. సూర్యుడు నేలబారుగా ఉన్నప్పుడు కిరణాలు చాలా ఎక్కువ గాలిని దాటి రావాలి. దారిలో నీలి రంగు చెదిరిపోయి, ఎరుపూ పసుపూ మనదాకా చేరతాయి. సూర్యుడు రాకముందు అరగంట, పోయాక అరగంట లేత నీలి వెలుగుంటుంది. అదీ అందమే. వాన వెలిసిన సాయంత్రం మరీ అదృష్టం. దుమ్మంతా కడిగేసినట్టయి దూరపు కొండలు కూడా దగ్గరికొస్తాయి.

ఈ వెలుగు ఎంతసేపుంటుంది? నిమిషాలే! అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌కు ఎదురైన సంఘటనే ఇందుకు సాక్ష్యం. 1941లో న్యూమెక్సికో రాష్ట్రంలో కారులో వెళుతుంటే హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు లేస్తున్నాడు. పడమటి ఎండ చర్చి పక్కన సమాధుల మీది శిలువలను వెలిగిస్తోంది. గబగబా కెమెరా నిలబెట్టాడు. వెలుగు కొలిచే మీటరు మాత్రం దొరకలేదు! చంద్రుడి కాంతి ఎంతో ఆయనకు తెలుసు కాబట్టి దాన్నిబట్టి లెక్కకట్టి ఒక ఫొటో తీశాడు. రెండోది తీసేలోపే శిలువల మీద ఎండ జారిపోయింది. ఆ ఒక్క ఫొటో ప్రపంచ ప్రసిద్ధమైంది. మీటరు లేకపోయినా పని జరిగింది. ఆ ఎండ లేకపోతే ఏం చేసేవాడు?

మూడు మీటల ముచ్చట

కెమెరాను ఆటో నుంచి తప్పించగానే కంగారు పెట్టేవి మూడు... అపెర్చర్, షట్టర్ వేగం, ఐఎస్ఓ. కొండల ఫొటోల వరకూ వీటి లెక్క తేలికే.

అపెర్చర్ అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం. దీని అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ దగ్గరి గడ్డీ, దూరపు కొండా రెండూ స్పష్టంగా వస్తాయి. మామూలు దృశ్యాలకు ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 చాలు. ఇంకా స్పష్టత కావాలని ఎఫ్ 22కు వెళితే ఫలితం తలకిందులవుతుంది. మరీ సన్నని రంధ్రంలోంచి వచ్చే వెలుగు అంచుల దగ్గర వంగి, బొమ్మ మొత్తం కాస్త మెత్తబడిపోతుంది.

ఐఎస్ఓను 100 దగ్గరే ఉంచడం మేలు. పెంచితే చీకట్లోనూ ఫొటో వస్తుంది కానీ, ఆకాశం నిండా ఇసుక చల్లినట్టు మచ్చలు తేలతాయి.

ఈ రెండూ ఇలా పెట్టుకుంటే ఇక షట్టర్ నెమ్మదించక తప్పదు. తెల్లవారుజామున సెకనులో పదిహేనో వంతు, ఇంకా చీకటిగా ఉంటే ఒక సెకను కూడా పట్టొచ్చు. అంతసేపు చేయి కదలకుండా ఎవరు పట్టుకోగలరు? చేత్తో తీసేటప్పుడు పాతకాలం నుంచీ ఒక లెక్క ఉంది. లెన్సు 50 ఎంఎం అయితే షట్టర్ సెకనులో 50వ వంతు కన్నా నెమ్మదించకూడదు. 200 ఎంఎం అయితే 200వ వంతు. అంతకన్నా నెమ్మదైతే స్టాండు కావాల్సిందే. స్టాండు మీద పెట్టినా వేలితో మీట నొక్కితే కెమెరా అదురుతుంది. రెండు సెకన్ల టైమరు పెట్టి చేయి తీసేయండి. అంతే!

ఈ నెమ్మదితనంతోనే జలపాతాలు పాలధారల్లా వస్తాయి. షట్టర్‌ను అర సెకను నుంచి ఒక సెకను వరకూ తెరిచి ఉంచితే చాలు. పారే నీరు గీతలు కట్టి, రాయి రాయిలాగే నిలుస్తుంది.

కొండ చిన్నదైపోయింది!

రెండో ఆదివారం వెలుగు బాగుంది, మీటలు సరిగ్గా ఉన్నాయి. అయినా ఫొటోలో మా గుట్ట చీమల పుట్టంత వచ్చింది. కారణం? కెమెరాతోపాటు ఇచ్చే లెన్సును 18 ఎంఎం దగ్గర పెట్టి తీయడమే. విశాలంగా చూసే లెన్సు దగ్గరి వాటిని పెద్దవి చేస్తుంది, దూరపు వాటిని ఇంకా దూరం నెడుతుంది. కొండ కొండలా కనిపించాలంటే ఒక దారి... జూమ్ చేసి దాన్నే తీయడం. కొండ వెనక కొండ వరసలు వరసలుగా ఉన్నచోట ఇది బాగా పనికొస్తుంది.

రెండో దారి... ముందు భాగంలో ఏదైనా పెట్టడం. ఒక బండ, తుమ్మచెట్టు, నీళ్లలో కట్టేసిన తెప్ప, దున్నిన చాళ్లు. కన్ను అక్కడ కాలుపెట్టి నడుచుకుంటూ కొండ దగ్గరికి చేరుతుంది. ఇందుకోసం మోకాళ్ల మీద కూర్చోవాల్సి రావచ్చు. గట్టు మీద పడుకోవాల్సి రావచ్చు. చూసేవాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి!

ఇక మిగిలిన సూత్రాలు తేలికైనవే. తెర మీద గళ్ల గీతలు కనిపించేలా పెట్టుకోండి. చెరువు గట్టు ఒక పక్కకు ఒరిగితే నీళ్లు కారిపోతున్నట్టుంటుంది. నేలా ఆకాశం కలిసే గీతను సరిగ్గా మధ్యలో పెట్టకుండా కిందో పైనో మూడో వంతు దగ్గర ఉంచండి. ఆకాశంలో మబ్బులుంటే ఆకాశానికి ఎక్కువ చోటు, లేకపోతే నేలకు. అలాగని ఇది శిలాశాసనం కాదు. నిశ్చలమైన నీళ్లలో కొండ నీడ పడితే సగం సగమే అందం.

బియ్యం డబ్బా కథ

ఈ సరదాకు ఎంతవుతుంది? కెమెరా తర్వాత మొదట కొనాల్సింది రెండో లెన్సు కాదు, గట్టి స్టాండు. తేలికపాటిది గాలికే ఊగుతుంది. ఆ తర్వాత పోలరైజర్ అనే ఫిల్టరు. లెన్సు ముందు బిగించి తిప్పితే ఆకుల మీద, నీళ్ల మీద మెరుపు తగ్గి, ఆకాశపు నీలం చిక్కబడుతుంది. సూర్యుడు మనకు పక్కగా ఉన్నప్పుడే దీని ప్రభావం ఎక్కువ. కెమెరా కొనేంత స్తోమత లేదా? ఫోనుతోనూ మొదలుపెట్టొచ్చు. వెలుగు కోసం కాచుకోవడం, కూర్పు చూసుకోవడం రెంటికీ ఒకటే.

మన వాతావరణంలో లెన్సుకు అసలు శత్రువు వానాకాలపు తేమ. బ్యాగులోనే వదిలేస్తే అద్దం మీద బూజు అల్లుకుంటుంది. ఇంట్లో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఉంటే చాలు. నేను అమ్మ బియ్యం డబ్బానే తీసుకున్నాను (ఆవిడ ఇంకా క్షమించలేదు). అడుగున సిలికా జెల్ పొట్లాలు వేసి కెమెరాను అందులో పెట్టడమే. ఇంకొక్కటి... ఊరి నుంచి రాగానే ఫొటోలను రెండు వేర్వేరు చోట్ల దాచండి. కార్డు పోయినా, కంప్యూటర్ పాడైనా ఆ పొద్దు మళ్లీ పొడవదు.

ఏ కాలంలో ఎక్కడ?

చేయి కాస్త కుదిరాక చూడాల్సిన చోట్లకు మన దగ్గర కొదవ లేదు. వానాకాలంలో ములుగు జిల్లా వాజేడు దగ్గరి బోగత జలపాతం, మూసీ పుట్టే వికారాబాద్ అనంతగిరి కొండలు. నవంబరు నుంచి జనవరి వరకు లంబసింగి, అరకులోయ పొగమంచు. అదే చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసలు. గోదావరి పాయల మధ్య కోనసీమ కొబ్బరితోటలు ఏ కాలంలోనైనా. గండికోటకు మాత్రం నాలాగా పదకొండింటికి వెళ్లకండి. ముందురోజు రాత్రికే చేరుకుని, తెల్లవారకముందే అంచు దగ్గర ఉండండి. అంచుకు మరీ దగ్గరగా మాత్రం వద్దు! కెమెరాలో కన్నుపెట్టి వెనక్కో ముందుకో అడుగేయడం ఎక్కడైనా ప్రమాదమే.

ఫొటో కాపాడిన లోయ

అసలు ఫొటోగ్రఫీ పుట్టిందే దృశ్యంతో. ఇప్పటికీ భద్రంగా ఉన్న మొట్టమొదటి కెమెరా ఫొటో ఫ్రాన్స్‌లో నీసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన కిటికీలోంచి తీసినది. ఇళ్ల పైకప్పులు, కాస్త ఆకాశం. దానికి గంటల తరబడి వెలుగు చూపించాల్సి వచ్చింది. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరాలో బొమ్మకు ఉన్నవి 10,000 చుక్కలే. ఒక్క ఫొటోను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఇవాళ సాధారణ కెమెరాలోనూ ఆ చుక్కలు రెండు కోట్లు దాటుతున్నాయి.

అయితే ఫొటో పని అందం చూపించడంతోనే ఆగిపోలేదు. 1871లో విలియం హెన్రీ జాక్సన్ ఎల్లోస్టోన్ ప్రాంతానికి వెళ్లి తీసిన ఫొటోలు అమెరికా చట్టసభ సభ్యుల ముందుకొచ్చాయి. మరుసటి ఏడాదే, 1872లో, అది జాతీయ పార్కు అయింది. మన దగ్గర ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన చిత్రాలే లేకపోతే, నాటి హైదరాబాద్ ఎలా ఉండేదో ఇంత స్పష్టంగా తెలిసేది కాదు. ఆ నగరం చుట్టూ ఉన్న గ్రానైటు బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇళ్ల కోసం, రోడ్ల కోసం వాటిని పేల్చేస్తుంటే, మిగిలినవాటినైనా కాపాడుకుందామని 1996లో ఏకంగా ఒక సంఘమే పుట్టింది... సొసైటీ టు సేవ్ రాక్స్.

ఇదంతా పుస్తకాల్లో చదివినప్పుడు ఎక్కడో జరిగిన కథే అనుకున్నాను.

మా గుట్ట భుజం

కాకా చెప్పినట్టు నెలకొక ఆదివారం మా ఊరికి వెళుతూనే ఉన్నాను. నిలబడేదీ చెరువుకట్ట మీద అదే రాయి పక్కన. నా ధ్యాసంతా వెలుగు మీదే, ఎఫ్ అంకెల మీదే. ఏడాదిన్నర తర్వాత ఎంత నేర్చుకున్నానో చూసుకుందామని మొదటి ఫొటోనూ చివరి ఫొటోనూ పక్కపక్కన పెట్టాను.

వెలుగు బాగా కుదిరింది. కూర్పు కూడా కుదిరింది. కానీ గుట్టకు కుడి భుజం లేదు!

కరీంనగర్ ప్రాంతపు గ్రానైటుకు 'టాన్ బ్రౌన్' పేరుతో విదేశాల్లో గిరాకీ. చుట్టుపక్కల ఎన్నో గుట్టలు పలకలై ఓడలెక్కాయి. మా గుట్ట వెనకవైపు క్వారీ ఉందని తెలుసు. ఊళ్లో కొందరికి అక్కడే కూలి దొరుకుతుంది కాబట్టి దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. వెనకనుంచి తొలుస్తూ తొలుస్తూ ముందుకొచ్చారు. రోజూ చూసేవాళ్లకు తెలియలేదు. నెలనెలా కెమెరా కంట్లోంచి చూసిన నాకూ తెలియలేదు. ఫొటోలకు మాత్రం తెలిసింది.

ఆ రెండింటినీ పెద్దవి చేయించి ఇంటికి తెచ్చాను. ఈసారి అమ్మ పాల కోసం లేవలేదు. బాపు మొదటి ఫొటో మీద వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. ఇక్కడ మేకల్ని కాసేది. ఈ సందులో వానకు దాక్కునేది. ఈ గుండు పక్కన సీతాఫలాల చెట్లు. ఆయన వేలు మెల్లగా కుడివైపుకు జరిగింది. తర్వాత రెండో ఫొటోలో అదే చోటుకు వెళ్లి ఆగింది. అక్కడ ఆకాశమే ఉంది.

చాలాసేపు ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మల్ల ఎప్పుడు పోతున్నవ్ బిడ్డా?"

"ఆదివారం బాపూ. పొద్దుగాల అయిదింటికల్లా కట్ట మీదుండాలె."

"నన్ను గూడ లేపు" అన్నాడు.